చేదబావి ప్రణాళిక

"నీళ్లు తెచ్చెటందుకు ఒక ఆడమనిషికి రోజుకు ఎంతసేపు పడ్తది?" అని ఎల్లేశం అడిగేసరికి నర్సింగమ్మ జొన్నరొట్టె కొడుతోంది.

"ఎండకాలమైతే మూడు గంటలు. మెట్లు దిగుడు, నీళ్లు ఊరేదాంక కూసునుడు, మళ్ల ఎక్కుడు," అంది పిండి చేతులతోనే. అతను పుస్తకంలో మూడు అని వేసుకున్నాడు. ఆ అంకె ఎంత చిన్నగా ఉందో అనుకుందామె.

ఎల్లేశం అచ్చంపేట బ్లాకులో గ్రామసేవకుడు. ప్రభుత్వ పథకాలను ఎట్లా తయారుచేయాలో, ఊళ్లో ఎట్లా అమలుపరచాలో నేర్పడానికి హైదరాబాదులో ఆరువారాల శిక్షణ పెట్టి అతన్ని రమ్మన్నారు. అది పంతొమ్మిది వందల అరవై. వచ్చేవాళ్లు తమ ఊరికోసం ఒక ప్రణాళిక రాసి తేవాలన్నారు. వాళ్ల ఊరికి దిగుడుబావే దిక్కు. అందరూ కాళ్లు నీళ్లలో పెట్టి ముంచుకోవడం వల్ల ఏటా ఇంటికొకరు, కాలిలోంచి పురుగు బయటికొచ్చే నారికురుపుతో మంచం పట్టేవాళ్లు. గట్టు మీద నిలబడి తాడుతో తోడుకునే చేదబావి తవ్విస్తే ఆ బాధ పోతుందన్నది ఎల్లేశం ప్రణాళిక.

"ఆడోళ్లు నాతోని నోరిప్పరు. నువ్వే అడిగిరా. నీ రాత గూడ మంచిగుంటది," అన్నాడు భార్యతో.

నర్సింగమ్మ ఏడో తరగతి చదివింది. నెలరోజులు ఇల్లిల్లూ తిరిగింది. "చదివిన కోడలని తెచ్చుకుంటే ఊరెంబడి తిరుగుడే అయితాంది. విసురుడు ఎవరు విసురాలె?" అని అత్త హనుమమ్మ సణిగితే, తెల్లారకముందే లేచి జొన్నలు విసిరిపెట్టి వెళ్లేది. అడిగినవన్నీ ఇరవై రెండు కాగితాల మీద రాసి, బావిని చావడి ముందు గుర్తుపెట్టి, పటం గీసింది. అడుగున ఎల్లేశం సంతకం పెట్టుకుని బస్సెక్కాడు.

రెండోవారంలో కవరొచ్చింది. కాగితాల అంచుల్లో శిక్షకుడు ఎర్రసిరాతో ప్రశ్నలు వేశాడు. "సారు శానా మెచ్చుకున్నడు. జవాబులు రాసి జల్ది పంపు," అని ఎల్లేశం చీటీ. ఎట్లున్నవన్న మాట లేదు.

ఆమె చీటీ పక్కనబెట్టి ప్రశ్నలు చదివింది. ఎందరిని అడిగారు? అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు? ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఎనిమిదిళ్లలో తను కోడళ్లను అడిగితే అత్తలో మగవాళ్లో జవాబు చెప్పారు. అదే రాసుకుని వచ్చింది. తన ఇంట్లోనూ అంతే గదా. కూర ఎట్లుందని ఎవరైనా అడిగితే వండిన తనకంటే ముందు అత్తే చెబుతుంది. ఆ ఎనిమిదిళ్ల కోడళ్లను మళ్లీ బావి దగ్గర, ఒంటరిగా పట్టుకుని అడిగింది. వేరే సంగతులు బయటపడ్డాయి. ఎన్నడూ చూడని ఆ శిక్షకుడు తనను నిలబెట్టి పాఠం చెబుతున్నట్టుగా ఉండేది. క్లాసులో కూర్చున్నది ఎల్లేశం. చదువు మాత్రం పొయ్యి దగ్గర సాగింది. తను ఎదురుచూసేది కవరు కోసమే, అది పంపే భర్త కోసం కాదని తెలిసి కొంచెం ఉలిక్కిపడింది కూడా.

శిక్షణ ముగిసే వారంలో వచ్చిన మూడో కవరులో ఒకటే ప్రశ్న. ఈ బావి తవ్వాక ఎవరు తోడుకోలేరు?

మాదిగవాడలో పద్దెనిమిదిళ్లు. తను అక్కడికి పోనేలేదు. మరిచిపోయి కాదు. ఊరి చివరి ఇంటిదాకా వెళ్లి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగింది.

మర్నాడు బయలుదేరుతుంటే, "అటు పోయి మళ్ల ఇంట్లకెట్లొస్తవు?" అంది అత్త. "తానం చేసి వస్త," అని వెళ్లింది. ఆ మాట అన్నందుకు దారి పొడుగునా సిగ్గుపడింది.

వాడ మొదట్లోనే మారెమ్మ తన గుడిసె ముందు కాలు చాపుకుని కూర్చుంది. పాదం నుంచి తెల్లటి పురుగును చీపురుపుల్లకు చుట్టి, తెగకుండా కొంచెం కొంచెం లాగుతోంది.

"రెండు నెలల సంది ఊరంత అడుగుతుంటివి. మా దిక్కు రాకపోతే మాకు కాళ్లు లేవనుకున్నవేమో అనుకున్న," అంది తలెత్తకుండా.

నర్సింగమ్మ ఆమె ఎదుట నేలమీద కూర్చుంది. "చావడి ముంగట చేదబావి తవ్వితే ఎట్లుంటది మారెమ్మా?" అంది.

"మీకు మంచిగనే ఉంటది. గిప్పుడైతే మెట్లకింద ఒక మూల మాకున్నది. ఎవర్నీ అడగకుంట ముంచుకుంటం. చేదబావికి మూలుండదు గదమ్మా. ఎవరన్న జాలిపడి పోస్తే తాగాలె."

నర్సింగమ్మ ఇంటికొచ్చి స్నానం చేయలేదు. ఆరోజు అత్త ఆమె చేతి వంట ముట్టలేదు. ఊరికీ వాడకూ నడుమ, రెండు గిలకలతో, ఎవరివైపు వాళ్లకు గట్టు ఉండేలా బావిని మార్చి గీసింది నర్సింగమ్మ.

ఎల్లేశం శిక్షణలో మొదటివాడిగా తిరిగొచ్చాడు. ఇక ఆ ప్రణాళిక పంచాయతీ సమితి ముందుకు పోవాలి. కొత్త పటం చూసి, "చావడి ముంగటంటెనే పటేలు ఒప్పుకున్నడు. సారు మెచ్చిన జాగా మార్చకు," అని మడిచి పక్కన పడేశాడు.

ఆమె వాదించలేదు. కొత్త పటానికి ఒక ఉత్తరం జతచేసి అతని చేతికిచ్చింది. ఆ ఉత్తరం శిక్షకుడికి.

"అయ్యా, మా ఊరి ప్రణాళికలో పద్దెనిమిది ఇళ్లు వదిలిపెట్టినాను. మీరు అడిగినాక తెలిసినది. ఆ తప్పు నాది. ఎందుకంటే ఆ ప్రణాళిక రాసినది నేను."

ఎల్లేశం రెండుసార్లు చదివాడు. "గిది పోతే నా పేరేం గావాలె?"

"మరి ఆ తప్పు నువ్వు చేసినవని రాయాల్నా?" అంది నెమ్మదిగా.

అతను ఉత్తరం కింది పటాన్ని మళ్లీ చూశాడు. తప్పు తనదంటే పటం మార్చాలి. కాదంటే ప్రణాళిక తనది కాదు. బావి ఎక్కడ తవ్వుతారో ఇంకా ఎవరికీ తెలియదు. టపా బస్సు వేళవుతుంటే నర్సింగమ్మ కాగితాలు అతని చేతిలోంచి తీసుకుని కవరులో పెట్టి, పంపేవారి చోట తన పేరు రాసి, గడప దిగింది.