రెండు మాటలు చెప్పిన కంప్యూటర్

ఆ వీధిలో అందరూ ఆమెను దారాలక్క అనేవారు. స్కూలు చొక్కాల జేబుల మీద బ్యాడ్జీలు, ఆస్పత్రి కోట్ల మీద పేర్లు, దిండు గలీబుల మీద పూలు, ఏది కావాలన్నా ఆమె కొట్లోని ఎంబ్రాయిడరీ మిషన్ మీద కుట్టించుకోవలసిందే. ఆ మిషన్‌కు డిజైన్లు అందించేది గోడవారగా బల్ల మీదున్న పాత కంప్యూటర్. రెండూ ఒకేసారి కొన్నవి. మిషన్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి, ఆ కంప్యూటర్ మాట తప్ప ఇంకోదాని మాట మిషన్ వినదు.

ఒకరోజు పొద్దున కొట్టు తెరిచి స్విచ్ వెయ్యగానే తెర మీద నీలం పెట్టె ఒకటి ప్రత్యక్షమైంది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు త్వరలో సపోర్ట్ ఆగిపోతుందనీ, ఆ తర్వాత కంప్యూటర్‌కు ప్రమాదమనీ దాని సారాంశం. దారాలక్క దాన్ని రెండుసార్లు చదివింది. అంతలో కింద మూలన యాంటీవైరస్ పచ్చ టిక్కు వెలిగి, ‘మీరు సురక్షితంగా ఉన్నారు’ అంది.

సూదిలో దారం ఎక్కించబోతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తెర ఒకటే, మాటలు రెండు! ఇంకొకరైతే రెండు పెట్టెలూ మూసేసి పనిలో పడేవారు. ఆమె అలా కాదు. ఏదైనా బుర్రలో దూరిందంటే, అదేమిటో తేలేదాకా కాలు నిలవదు. వెంటనే తమ్ముడి భార్యకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసుకుంటుంది.

“ఈ ఇద్దర్లో అబద్ధం ఎవరు చెబుతున్నారే?”

“ఎవరూ చెప్పట్లేదు వదినా. సాయంత్రం వస్తాను, టీ పెట్టి ఉంచు.”

సాయంత్రం మరదలు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. “యాంటీవైరస్ అంటే కాపలావాడనుకో. దొంగల ఫొటోలు దగ్గర పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తుంటాడు. వాడి పని వాడు చేస్తున్నాడు కాబట్టే పచ్చ టిక్కు.”

“మరి ఆ నీలం పెట్టె?”

“అది ఇల్లు కట్టిన మేస్త్రి. ఇన్నాళ్లూ గోడకు బీట కనబడితే వచ్చి పూడ్చేవాడు. ఇక రానంటున్నాడు.”

“రాకపోతే ఇల్లు కూలుతుందా?”

“కూలదు. నిన్న ఎలా పనిచేసిందో రేపూ అలాగే పనిచేస్తుంది. కొత్తగా బీట బయటపడితే మాత్రం పూడ్చే దిక్కుండదు.”

“కాపలావాడున్నాడుగా?”

“బీటలోంచి దూరినవాడి మొహం తెలిస్తే పట్టుకుంటాడు. తెలియకపోతే గుడ్లప్పగించి చూస్తాడు. పైగా కొన్నాళ్లు పోయాక, ఈ పాత కొంపకు మేమూ రాలేమని కాపలావాళ్లు కూడా మానేస్తారు.”

దారాలక్క చుబుకం కింద చెయ్యి పెట్టుకుంది. “అయితే, అసలు నా పనికి ఇంటర్నెట్ ఎందుకే? పూలు కుట్టడానికి దానితో ఏం అవసరం?”

మరదలు కళ్లు మెరిశాయి. “అవసరం లేకపోతే తీగ పీకెయ్. సగం బాధ వదులుతుంది.”

“మిగతా సగం?”

మరదలు బల్ల మీది పళ్లెం వైపు చూపించింది. దాన్నిండా జనం డిజైన్లు పెట్టి తెచ్చిచ్చిన పెన్‌డ్రైవులు. “దొంగను నువ్వే వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్తున్నావుగా!”

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. తీగ ఊడింది. మరదలు తన దగ్గర వాడకుండా ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చిచ్చింది. అందులో సిస్టమూ యాంటీవైరసూ రెండూ కొత్తవే. ఎవరి పెన్‌డ్రైవ్ వచ్చినా ముందు అందులో స్కాన్ చెయ్యాలి. డిజైన్ శుభ్రంగా ఉంటేనే కొట్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పాతదానికి ఇవ్వాలి.

మర్నాడే యూనిఫాంలు కుట్టే టైలరు పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర ఎర్రబడింది.

“నా దాన్లో వైరసా? నేను పెట్టించుకుంది ఒక్క బొమ్మేనమ్మా!” అని టైలరు నొచ్చుకున్నాడు.

“మిమ్మల్ని అనట్లేదు బాబాయ్. ఆ బొమ్మ ఎక్కడ పెట్టించుకున్నారు?”

“మన ఎదురు ఫొటో స్టూడియోలో.”

మధ్యాహ్నం ఆస్పత్రి నర్సు తెచ్చినదానిలోనూ అదే వైరస్, అదే పేరు. ఆమె కూడా స్టూడియో నుంచే తెచ్చింది. ఇక దారాలక్కను ఆపడం ఎవరి తరం? షట్టరు సగానికి దించి, రోడ్డు దాటింది.

స్టూడియో ఆయన్ని అందరూ ఓకే మాస్టారు అంటారు. మనుషులేం అడిగినా ఓకే, తెర మీద ఏం వచ్చినా ఓకే.

“మాస్టారూ, మీ కంప్యూటర్ ఒకసారి చూడొచ్చా?”

“ఓకే!”

అందులో ఉన్నది తన దానికంటే పాత సిస్టమ్. సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయింది. మూలన యాంటీవైరస్ గుర్తు ఎర్రగా ఉంది.

“ఇది ఎన్నాళ్ల నుంచి ఇలా ఎర్రగా ఉంది?”

“ఆ కంపెనీవాళ్ల రంగే అది కదమ్మా?” అన్నాడాయన అమాయకంగా. తర్వాత గొంతు తగ్గించాడు. “నిజం చెప్పనా? ఈమధ్య ఫోల్డర్లు తెరుచుకోవట్లేదు. అన్నీ బాణం గుర్తులే. కళ్లు మసకబారాయేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. కవలపిల్లల ఫొటోలున్నాయి అందులో. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా రంగులు సరిచేస్తున్నానని నెట్టుకొస్తున్నాను.” ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దారాలక్క మరదలిని అక్కడికే పిలిపించింది. ఆ అమ్మాయి కంప్యూటర్‌ను అటూ ఇటూ కెలికి, “ఫొటోలు పోలేదు మాస్టారూ. వైరస్ వాటిని దాచేసి, వాటి స్థానంలో ఈ బాణాలు పెట్టింది” అంది. కాసేపటికి కవలలిద్దరూ తెర మీద తేలారు. ఒకడు ఏడుస్తున్నాడు, ఇంకొకడు వాడి చెవి పట్టుకుని లాగుతున్నాడు. ఓకే మాస్టారు కుర్చీలో కూలబడి, చేతులతో మొహం కప్పుకున్నాడు.

మరదలు ఫొటోల్ని మాత్రం పరీక్షించి బయటికి తీసింది. మాస్టారి కంప్యూటర్‌కు దారాలక్క మిషన్ లాంటి బంధం ఏదీ లేదు కాబట్టి, పాత సిస్టమ్ తీసేసి కొత్తది ఎక్కించింది. మధ్యలో ఏదో పెట్టె వచ్చింది. మాస్టారి వేలు అలవాటుగా లేచింది. దారాలక్క ఆ వేలు పట్టుకుని ఆపింది.

“ముందు చదవండి.”

ఆయన కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా బిగ్గరగా చదివాడు. “ఇందులో ఇంత కథ ఉంటుందా!” అని నోరు వెళ్లబెట్టాడు.

తిరిగి రోడ్డు దాటుతుంటే దారాలక్క మరదలి మోచెయ్యి పట్టుకుంది. “ఆ వైరస్‌ను తయారుచేసినవాడు ఎవడే? ఎక్కడుంటాడు?”

“ఎవరికి తెలుసు వదినా? ఏ దేశంలో ఉన్నాడో.”

“కనబడితే ఒక్కటే అడుగుతాను. ఆ పసివాళ్ల బొమ్మలు దాచేసి ఏం బావుకున్నాడట?”

మరదలు భుజాలెగరేసి ఇంటిదారి పట్టింది. దారాలక్క షట్టరు పైకెత్తి మిషన్ ముందు కూర్చుంది. బ్యాడ్జీ మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి గానీ, ఆమె ఆలోచన మాత్రం ఇంకా ఆ మొహం తెలియనివాడి చుట్టూనే తిరుగుతోంది.