పచ్చలైటు పెట్టె

“ఈ ఛార్జరుకు సాటి పావగడ తాలూకాలోనే లేదక్కా. సోలార్ పార్కంతా ఒక పక్క, ఇదొక పక్క. రెండు గంటల్లో నాలుగు బ్యాటరీ సెల్లులూ నిండిపోతాయి,” అన్నాడు ఈరేశ్, చెప్పుల అట్టపెట్టె మీద తట్టి. మూతకు పెట్టిన బెజ్జంలోంచి పచ్చలైటు వెలుగుతోంది.

ఆ పెట్టెలో పనిచేసేది ఆ లైటు ఒక్కటే.

తిరుమణి పార్కులో సోలార్ పలకలు తుడవడం ఈరేశ్ ఉద్యోగం. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి మధ్యాహ్నం దిగుతాడు. వాడి లెక్కలో రోజుకు ఆంధ్రా సరిహద్దు దాకా గాజు తుడుస్తాడు. వెనకాలే దుమ్ము మళ్లీ పరుచుకుంటూ వస్తుంది. ఇంటికొచ్చినా ఆ చేతులు ఆగవు. అన్నం తట్ట, బస్సు అద్దం, గోడమీది క్యాలెండరు, ఏది పలకలా కనిపిస్తే దాన్ని తుడుస్తాయి. ఎదురింటి శ్రీరామప్ప బట్టతల మాత్రం ఇంకా మిగిలి ఉంది.

అక్క సవిత కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాలు గుమ్మడికాయ చేసుకుంది. ఇక తొక్కొద్దన్నాడు డాక్టరు. సర్కారు బడిపిల్లలకు యూనిఫారం గుడ్డ పంచింది. ముప్పై జతలు సోమవారం బడి తెరిచేలోగా కుట్టివ్వాలి. పార్కు కరెంటు యాడెక్కడికో పోతుంది గానీ, ఊళ్లోకి మధ్యాహ్నం పూట చుట్టపుచూపుకైనా రాదు. అందుకే ఈరేశ్ పాత సామాన్ల అంగడిలో వీధిదీపం సెల్లులు నాలుగు కొని, మిషనుకు మోటారు బిగించాడు. రోజూ సెల్లులనూ ఛార్జరు పెట్టెనూ సంచిలో వేసుకుని డ్యూటీకి పోయేవాడు, నిండిన సెల్లులతో తిరిగొచ్చేవాడు.

ఆదివారం మధ్యాహ్నం మోటారు మూలిగి ఆగిపోయింది. ఇంకా పదకొండు జతలు మిగిలాయి.

“నిలిచిపోయిండాది రా,” అంది సవిత.

“మిషనుకు నూనె కావాలేమో.”

“నూనె పోసినా. ఈ పొద్దు నీకు రజా, డ్యూటీ లేదు. నీతో పాటు సెల్లులకూ రజానా?”

“అట్ల కాదక్కా.”

“పొద్దున నాలుగు గంటలు ఇంట్లో కరెంటు ఉండె. నీ పెట్టెకే తగిలించినా. పచ్చగా వెలిగింది. పార్కులో నిండేది ఈడ ఏల నిండలేదు?”

“పార్కుది లేత కరెంటక్కా. అప్పుడే పుట్టిందాయె. ఈడికి వచ్చేసరికి ముదిరిపోతాది.”

సవిత నవ్వలేదు. పెట్టె మూత తీసింది. అడాప్టరు నుంచి వచ్చిన రెండు తీగలు తిన్నగా లైటుకే పోతున్నాయి. మూలన చిన్న బోర్డు నల్లగా మాడి పడి ఉంది, దానిమీద తెల్లటి చారలు.

ఆమె మూత పెట్టేసింది. మోటారు విప్పి, తొక్కుడు బెల్టు తగిలించి, వాచిన కాలు ఎత్తి తొక్కుడు మీద పెట్టింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఐదోదానికి పళ్లు బిగబట్టి కళ్లు మూసుకుంది.

ఈరేశ్ ఆ కాలు మెల్లగా పక్కకు జరిపి, నేలమీద కూర్చుని, రెండు చేతులతో తొక్కుడు నొక్కసాగాడు. వారం రోజులు తుడిచిన గాజు బరువంతా భుజాల్లో ఉంది.

“నువ్వు గుడ్డ పట్టుకో చాలు.”

“చేతులు ఆడనీ. నోరూ తెరువు,” అంది సవిత.

“కాపలా గదిలో కదిరయ్యన్న దగ్గర మంచి ఛార్జరుండాది. దినామూ దాంట్లోనే నింపుకొస్తా ఉన్నా.”

“మరి నువ్వు చేసింది?”

“బాగానే చేసినా. పద్నాలుగున్నర వోల్టులకు మర తిప్పి మీటరు పెట్టి చూసినా. మొదటి దినం అరగంట నింపింది కూడా.”

“ఆమీట?”

మిషను రెండు చేతుల పొడవు గుడ్డ కుట్టింది.

“బోర్డుమీద దుమ్ము ఉండెక్కా. డ్యూటీ దిగొచ్చినా, ఒళ్లు నాది కాదు. సబ్బునీళ్లు కొట్టి తుడిచేసినా.”