రెండు పళ్ళే నొప్పి

ప్రతి ఉదయం నేను మొదట తోమేవి నా పళ్ళు కావు, అత్తయ్య పళ్ళు. రాత్రంతా గిన్నెలో నానిన పళ్ళసెట్టును తీసి, మెత్తటి బ్రష్షుతో పై వరుస, కింది వరుస, గులాబీ రంగు చిగుళ్ళ లోపలి వైపు రుద్ది కడిగి, తెల్ల గుడ్డలో పెట్టి ఆవిడ మంచం పక్కన ఉంచుతాను. ఆ తర్వాత పొయ్యి, ఆయన క్యారేజీ, ఆరేసిన బట్టలు, చివరికి నా మొహం. పెళ్ళయిన కొత్తలో ఈ పని చేస్తుంటే కడుపులో తిప్పేది. "మా అమ్మ నోరంటే నీకు అసహ్యమా?" అని ఆయన అడిగిన రోజు నుంచి తిప్పడం మానేసింది. లేదా తిప్పుతోందని చెప్పడం నేను మానేశాను. ఇరవై ఆరేళ్ళయ్యాక ఏది నిజమో నాకే తెలియదు.

ఆ రోజు బ్రష్షు చేతిలో ఉండగానే గదిలోంచి "నా సాక్సులెక్కడ?" అని కేక వినిపించింది. నేను తల తిప్పాను. కింది వరుస చేతిలోంచి జారి సింకులో పడి రెండు ముక్కలైంది.

"ఇన్నేళ్ళుగా తోముతున్నావు, ఇవాళే చేయి జారిందా?" అన్నారు ఆయన, గుమ్మంలో ఒక కాలికే సాక్సు తొడుక్కుని. "సరేలే, ఎక్కడైనా అతికించుకురా."

ముక్కలు పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళేసరికి నాకు ఏడుపు వచ్చేసింది. ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలేవే అమ్మాయ్. నేను వాటితో ఏదీ కొరికింది లేదు గానీ అవే నన్ను కొరుకుతున్నాయి," అన్నారు. కింది పెదవి లాగి చూపించారు. చిగురు పొడవునా ఎర్రటి పుండు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను. "చెబితే నువ్వు సెలవు పెట్టాలిగా," అన్నారు.

సెలవు పెట్టడం ఇప్పుడు నాకు కష్టమేమీ కాదు. బస్టాండులో నా కుర్చీ మైకు ముందు ఉన్నప్పుడైతే కష్టమయ్యేది. పందొమ్మిదేళ్ళు ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో నా గొంతే చెప్పింది. నా మొహం తెలియని మనుషులు నా మాట విని పరుగెత్తేవాళ్ళు. తర్వాత పై వరుసలో ముందు పన్ను నొప్పి మొదలైంది. పిల్ల పరీక్షలని ఒకసారి, మామయ్య ఆపరేషనని ఒకసారి, ఆయన బదిలీ అని ఒకసారి బిళ్ళలు మింగి వాయిదా వేశాను. చివరికి వేరు దాకా చీము పట్టింది, పన్ను తీసేశారు. తగిలించుకునే పెట్టుడు పన్నొకటి ఇచ్చారు. ఒక మధ్యాహ్నం "స్టేషన్" అనబోతే అది ఊడి మైకు ముందే పడింది. "మేడమ్, అనౌన్స్‌మెంట్‌లో ఈల వస్తోందండీ," అని మా సూపర్‌వైజరు నవ్వుతూ చెప్పి, మర్నాటి నుంచి నన్ను వెనక గదిలో రిజిస్టర్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో చెబితే, "మంచిదేగా, గొంతుకు రెస్టు," అన్నారు ఆయన. అప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం అలవాటైంది.

పళ్ళ డాక్టరమ్మ పొట్టి మనిషి. కుర్చీ పక్కన చిన్న పీట వేసుకుని ఎక్కి నిలబడితే గానీ అత్తయ్య నోరు అందలేదు. చూసినంతసేపూ చూసి, "ఇది అతికిస్తాను, రేపు తీసుకెళ్ళండి. కానీ మళ్ళీ పుండు పడుతుందమ్మా," అంది. "పళ్ళు లేని చోట దవడ ఎముక ఏటికేడు తరిగిపోతుంది. మీ కింది సెట్టు కూర్చోవడానికి గట్టు మిగల్లేదు, తేలుతోంది."

"దీనికి మందుందా?" అన్నారు అత్తయ్య.

డాక్టరమ్మ ప్లాస్టర్ దవడ బొమ్మ ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ముందు భాగంలో ఎముకలోకి రెండు చిన్న మరలు దిగి ఉన్నాయి. టైటానియంవట. వాటి తలలు ప్రెస్ బటన్లలా ఉన్నాయి. బొమ్మతో వచ్చిన సెట్టును వాటి మీద నొక్కితే టక్కున పట్టుకుంది. "దీన్ని మీరే తీసి కడుక్కోవచ్చు. అసలు తీయక్కర్లేకుండా బిగించేవీ ఉన్నాయి, వాటికి నాలుగైనా మరలు కావాలి, ఎముకా ఎక్కువ కావాలి. ముందు స్కాన్ తీసి చూద్దాం. షుగరుందా? ఎముకలకు మందులేమైనా వాడుతున్నారా?"

"మోకాళ్ళ నొప్పి ఒక్కటే. డెబ్భై నాలుగేళ్ళ దాన్ని, నాకెందుకమ్మా ఇవన్నీ?"

"ఇంకా తింటున్నారుగా!" అని నవ్వింది డాక్టరమ్మ. తర్వాత మామూలుగా అడిగింది, "పళ్ళన్నీ ఎప్పుడు పోయాయి?"

"పోలేదు. తీయించారు. నాకు ముప్పై ఎనిమిదో ఏడు." అత్తయ్య బొమ్మ దవడను వేలితో తడుముతున్నారు. "రెండు పళ్ళే నొప్పి. చిగుళ్ళ జబ్బు మొదలైంది, మిగతావి కాపాడాలంటే వారానికొకసారి రావాలన్నాడు అప్పటి డాక్టరు. ఇన్నిసార్లు తిరిగితే ఇల్లెవరు చూస్తారని మా ఆయన అడిగారు. అయితే అన్నీ ఒకేసారి తీసేసి సెట్టు పెట్టొచ్చన్నాడు డాక్టరు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను ఇదిగో, ఇలాగే కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను."

ఇరవై ఆరేళ్ళుగా ఆ సెట్టు తోమాను. ఆ పళ్ళు ఎలా పోయాయని ఒక్కసారీ అడగలేదు. ముసలితనం వల్ల పోయాయనుకున్నాను. నేను కాపురానికి వచ్చేనాటికి ఆవిడ వయసు నా ఇప్పటి వయసు కన్నా తక్కువని ఆ క్షణంలో లెక్క తట్టింది. సిగ్గనిపించింది.

"మీరూ కూర్చోండి మేడమ్," అంది డాక్టరమ్మ నాతో. "చెయ్యి అడ్డం తీసి."

నా పన్నుకు మూడు దారులు చెప్పింది. ఇప్పుడున్నట్టే తగిలించుకునేది ఒకటి. రెండోది బ్రిడ్జి. రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పక్కనున్న రెండు పళ్ళనూ అరగదీసి మూడింటికీ కలిపి తొడుగు వేస్తారు. మూడోది ఇంప్లాంటు. ఎముకలో మర బిగించి, అది ఎముకతో కలిసిపోయేదాకా నాలుగైదు నెలలు ఆగి, పైన పన్ను కడతారు. లోహం ఇష్టం లేకపోతే పింగాణీలా తెల్లగా ఉండే జిర్కోనియా మర కూడా ఉందట. నా ఎముక కాస్త పల్చబడింది కాబట్టి ఎముక పొడి నింపాల్సి రావచ్చంది.

"పక్క పళ్ళు బాగానే ఉన్నాయిగా, వాటినెందుకు అరగదీయడం?" అన్నాను.

"ఖాళీని మోయడానికి."

ఇంకేమీ అడగలేదు. మూడోదే కావాలన్నాను. ఇంటికి వెళ్ళి అడిగి చెబుతానని అననందుకు నాకే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. ఖర్చు నా జీతంలోంచే కాబట్టి ఆయన ఆ మాట ఎత్తలేదు. కాగితం మీద డాక్టరమ్మ గీసిన బొమ్మలు చూసి, "బ్రిడ్జి అయితే నెల లోపు అయిపోతుందిగా. ఇదేమో నెలల తరబడి తిరగాలి. పైగా అమ్మకి కూడా! ఇద్దరూ ఇలా తిరుగుతుంటే ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. కోపంగా కూడా కాదు. వాన వస్తుందా అని అడిగినంత మామూలుగా.

అత్తయ్య కంచం పక్కకు జరిపారు. కింది వరుస లేనప్పుడు పైదెందుకని అదీ తీసేశారు. మాటలు మెత్తగా, తడిగా వస్తున్నాయి.

"ఒరే, మీ నాన్న కూడా అచ్చం ఇదే మాటన్నారు. అప్పుడు నా నోటి నిండా పళ్ళున్నాయి, అయినా నోరు మెదపలేదు. ఇప్పుడు ఒక్క పన్నూ లేదు, చెబుతున్నా విను. అమ్మాయికి పన్ను పెట్టించుకోనీ. తర్వాత నాకూ పెట్టించు. ఇల్లు నువ్వు చూడు."

ఆయన కాగితం కింద పెట్టారు. "నాకు గుర్తుందమ్మా," అన్నారు. "పదో క్లాసు అయిపోయిన వేసవి. నువ్వు నోటికి గుడ్డ కట్టుకుని ఆ సాయంత్రమే వంట చేశావు. ఉప్పు తక్కువైందని నేను కంచం నెట్టేశాను."

"తక్కువే వేశాను. రుచి చూడలేకపోయాను," అన్నారు అత్తయ్య.

నాకు మర బిగించిన వారం ఆయన సూపు చేయడం నేర్చుకున్నారు. మొదటి రోజు అది సూపో, గోడకు వేసే సున్నమో తెలియలేదు. నేను, అత్తయ్య పక్కపక్కన కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తాగాం. చూసుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే కుట్లు లాగుతాయి. ఆవిడకూ నాకూ ఒకే గిన్నెలోది వడ్డించడం, అదీ మరొకరు వడ్డించడం, ఆ ఇంట్లో అదే మొదటిసారి. సాక్సులు ఆయనే వెతుక్కున్నారు. దొరకని రోజు చెప్పులతో ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసు కూలిపోలేదు.

నెల తర్వాత అత్తయ్యకు రెండు మరలు బిగించారు. ఆవిడ ఎముక బాగానే పట్టుకుంది. నాలుగు నెలలయ్యాక కొత్త సెట్టుకు అచ్చు తీసే రోజున నేను పూర్తి సెలవు పెట్టాను.

డాక్టరమ్మ ఒక పట్టీ తెచ్చింది. దానికి పదహారు పళ్ళు వరసగా గుచ్చి ఉన్నాయి, అన్నీ తెలుపే, ఏ రెండూ ఒకే తెలుపు కాదు. ఒకటి పాలలా, ఒకటి లేత పసుపు, ఒకటి కొంచెం బూడిద రంగు. దాన్ని అత్తయ్య చేతికిచ్చి, "ఏది కావాలమ్మా?" అంది.

అత్తయ్య అలవాటుగా నా వైపు చూశారు. నేను పెదవి విప్పలేదు. డాక్టరమ్మ వైపు చూశారు. ఆవిడా ఏమీ చెప్పలేదు.

"నన్నేనా అడుగుతున్నావు?"

"మీ నోరేగా," అంది డాక్టరమ్మ.

అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఒక్కో పన్నునీ చేతి వెనక చర్మం మీద ఆనించి చూశారు. ఐదోది బాగుందన్నారు, కాదన్నారు, మళ్ళీ మొదటికి వచ్చారు. బయట ఇద్దరు పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. నా ఫోను మోగింది. ఆయన.

"ఇంకా ఎంతసేపు?"

"అత్తయ్య రంగు ఎంచుకుంటున్నారు," అన్నాను. "ఎంతసేపైనా పట్టొచ్చు. మీరు తినేసి మాకు ఉంచండి."

ఫోను సంచిలో వేశాను. అత్తయ్య పట్టీని గుండెకు ఆనించుకుని, "ఈ లైటులో తెలియట్లేదే. ఒకసారి ఎండలో చూస్తానమ్మాయ్," అన్నారు.

ఆవిడ చేయి పట్టుకుని కుర్చీలోంచి లేపాను. డాక్టరమ్మ ముందుగా వెళ్ళి కిటికీ తెరిచింది.