ఆ దరికి నూనె సీసా

పడవలోకి ఊరిన నీళ్లను డబ్బాతో తోడిపోస్తూ పర్శరాములు తనలో తానే నవ్వుకుంటున్నాడు. పొద్దింకా పొడవలేదు. భార్య లస్మవ్వ కట్టిచ్చిన జొన్న గటక ముట్టలేదు. రాత్రి నుంచి ఛాతీలో పట్టేసినట్టున్న నొప్పినీ లెక్కచేయలేదు. ఈరోజు అంతయ్య, భూమన్న ఒకే పడవ ఎక్కుతారు! ఎక్కితే చాలు, మిగతాది గంగమ్మ చూసుకుంటుంది.

ధర్మపురికి ఎగువన గోదావరిలో ఒక మడుగు. ఈ దరి కరీంనగర్ జిల్లా, ఇక్కడ పెద్దమనిషి అంతయ్య. ఆ దరి ఆదిలాబాద్, అక్కడ భూమన్న. బావుల్లో బండలు పేల్చడానికి తెచ్చిన మందు తూటాలను చేపల కోసం మడుగులో పేల్చడం ముందు ఎవరు మొదలుపెట్టారో దేవుడికే ఎరుక. వాళ్లొకటి పేలిస్తే వీళ్లు రెండు పేల్చారు. వేలెడంత చేపపిల్లలు కూడా వెల్లకిలా తేలేవి. పోయిన ఎండాకాలం ఒకడి చెయ్యే పోయింది. ఆపుదామని ఇద్దరికీ ఉంది. ముందు ఆపితే మోసపోతామని ఇద్దరికీ భయం. తూటాకు నిప్పంటించేది ఈ దరిన పర్శరాములు కొడుకు, ఆ దరిన ఆయన అల్లుడు. ఇక ఆయనకు నిద్రెక్కడిది!

అటూ ఇటూ కబుర్లు మోసేదీ ఆయనే. వాని దరికి చేప పొలుసు కూడా మిగలనియ్యనని అంతయ్య చెప్పి పంపితే, పర్శరాములు ఆ మాటను మడుగు నడుమే మింగేసేవాడు. అవతలికి పోయి, మీ ఇంటామె మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయని అంతయ్య అడిగాడని చెప్పేవాడు. ఒట్టి మాట ఎవరు నమ్ముతారు? ధర్మపురిలో నొప్పుల నూనె కొని, అంతయ్య పంపాడని ఇచ్చేవాడు. భూమన్న తిట్లు ఈ దరికి మామిడిపండ్లయి వచ్చేవి. ఎంత గడుసువాడో చూడండి!

మొన్న మిషన్ బడి పంతులు అహరోను పడవలో పేపరు చదివి వినిపించాడు. రష్యా, అమెరికా అణుబాంబుల గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకుంటున్నా ఒకరినొకరు నమ్మడం లేదట. పర్శరాములు పడవ తోసే గడ ఆపి మరీ అడిగాడు.

“వాళ్లకు నడుమ పడవ నడిపేటోడు లేడా పంతులూ?”

ఉండే ఉంటాడు, పేపర్లో పేరు రాదంతే అన్నాడు పంతులు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా పర్శరాములుకు ఒళ్లు పులకరిస్తోంది.

చివరికి తూటాలన్నీ ఒకేసారి మడుగులో ముంచేద్దామని ఇద్దరినీ ఒప్పించాడు. పొద్దెక్కాక అంతయ్య తన తూటాల సంచితో పడవెక్కాడు. భూమన్న ఆ దరి నుంచి మోకాలిలోతు నీళ్లలో నడిచి ఇసుకదిబ్బ దగ్గరికొచ్చి, తన సంచితో ఎక్కాడు. ఒకరి సంచి ఒకరు విప్పి చూసుకున్నారు. ఇంట్లో ఇంకా దాచలేదని నమ్మకమేమిటని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

“నీళ్లల్ల పేలినదాన్ని ఎవడు దాస్తడు? రెండు దరులకు ఇనవడ్తది,” అన్నాడు పర్శరాములు.

అదీ నిజమే. భూమన్న కాస్త మెత్తబడ్డాడు.

“నువ్వు పంపిన నూనె మంచిగ పనిజేసిందే అంతన్నా. మా ఇంటామె లేసి నడుస్తుంది.”

పర్శరాములు చేతిలో గడ జారింది. అయిపోయింది, అంతా బయటపడింది! అంతయ్య నొసలు ముడివడింది. ఏ నూనె అని అడగబోయి పడవవాడి వైపు చూశాడు. ఆ మొహం చూడగానే సంగతి అర్థమై, ఆ మాట మింగేశాడు.

“నొప్పి తగ్గింది గదా, గంతే చాలు. నీ మామిడిపండ్లు గూడ మస్తుండె.”

ఈసారి భూమన్న కళ్లు పర్శరాములు మీదికి తిరిగాయి. మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

“ఇంక పంపుత తియ్యి.”

రాళ్లు కట్టిన సంచులు రెండూ ఒక్కసారే మడుగులో మునిగాయి. బుడగలు వచ్చి ఆగిపోయాయి. పర్శరాములుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొడుకు చేతులు, అల్లుడి చేతులు ఇక భద్రం.

పడవను దిబ్బకు చేర్చి, జర నడుం వాలుస్తానని వెనక్కి ఒరిగాడు. పెద్దలిద్దరూ ఇసుకలో కూర్చుని చుట్టలు కాల్చారు. ఎన్నాళ్ల నిద్ర బాకీయో, పడుకోనిద్దామనుకున్నారు. ఎండ ముదిరాక పిలిస్తే పలకలేదు. అంతయ్య ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు.

భూమన్న గడ అందుకున్నాడు. ఏళ్లుగా తొక్కని ఈ దరి వైపు పడవ తోశాడు. పర్శరాములు తల పక్కన, పడవ పలక కింద గడ్డిలో, ఆ దరికి ఇవ్వాల్సిన నూనె సీసా మూతైనా తీయకుండా ఉంది.