అడగని ప్రశ్న

తుపాకీమందు మిల్లుకు పోతున్న బండిలో, పగిలిన పీపాలోంచి రాలుతున్న సురేకారం తన అన్న కార్ఖానాదేనని గుర్తుపట్టి టబిత నిలువునా నీరైపోయింది. అంత తెల్లగా, సూదుల్లా పలుకులు తీయడం ఇంగ్లండులోని ఈ టైన్ నది ఒడ్డున అన్న సిల్వానస్‌కొక్కడికే తెలుసు. ప్రయోగశాలలో అతని పక్కన నిలబడి వాటిని వడకట్టేది ఆమే.

“ఇదెక్కడికి పోతోంది?”

బండివాడు పకపకా నవ్వాడు. “మిల్లుకమ్మా! అక్కణ్ణించి క్రిమియాలో రష్యావాళ్ల నెత్తిమీదకి. మీ క్వేకరు మతంవాళ్లు యుద్ధం పాపమంటారు, దొర ఎదురొచ్చినా టోపీ తియ్యరు. మందు మాత్రం మీ ఇంటిదే!”

ఆ పాపానికి భయపడే సిల్వానస్ కార్ఖానాలో ఒక కట్టడి పెట్టాడు. కొనేవాడెవడైనా సరే, “ఇది దేనికి?” అని అడగాలి. గాజుకో, వైద్యానికో అంటేనే సరుకు గడప దాటుతుంది. అడిగే పని గుమాస్తా ఈనాక్‌ది.

టబిత సంగతి క్వేకర్ల సభ పెద్దలకు చెప్పింది. ఆదివారం ఈనాక్‌ను నిలబెట్టారు. తప్పు తేలితే వెలి. అతను పుట్టింది, పెళ్లాడింది ఈ సంఘంలోనే.

“నువ్వు అడిగావా?” అన్నాడు పెద్దాయన బర్నబాస్.

“అందర్నీ అడుగుతాను. ఈ సరుకు కొన్న లండన్ వర్తకుణ్ణి మాత్రం అడగలేదు.”

“ఏం, ఆ పూట నోరు పడిపోయిందా?” అంది వెనక బల్లమీంచి ఒక ముసలమ్మ.

“నా తప్పు అడుగు బర్నబాస్, చెప్తాను. ఇంకొకరిది అడక్కు.”

ఆ సభలో వాదనలుండవు, ప్రమాణాలుండవు. మనసు కదిలినవాడు లేచేదాకా మౌనంగా కూర్చోవడమే. కిటికీ మీద వాన పడుతోంది. టబిత మగవాళ్ల బల్లలవైపు చూసింది. ఊళ్లో కార్ఖానాలన్నీ మూతపడుతుంటే, ఈ చలికాలం అన్న కొత్త కొలిమి కట్టించాడు. ఎలా కట్టించావని తానూ అడగలేదు.

ఆమె లేవబోయింది. అంతలో సిల్వానస్ లేచాడు. దేవుడి ముందు తప్ప తీయని టోపీని తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఆ వర్తకుణ్ణి నా గదిలోకి పిలిచింది నేను. ఈనాక్‌ని బయటుండమన్నదీ నేనే. కొలిమి ఆరితే నా ప్రయోగాలు ఆగిపోతాయనుకున్నాను. ఉప్పునీ నిప్పునీ ప్రశ్నలడుగుతూ బతికినవాణ్ణి, ఆ వర్తకుణ్ణి మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే నిజం చెప్తాడని భయమేసింది.”