గొంతు లేని వైపు

మా చర్చిలో పాటగాళ్ళ గదికి నేల లేదు, కింద హార్బరు నీళ్ళున్నాయి, ఆ నీళ్ళ మీద గది మొత్తం చాలా నెమ్మదిగా, రికార్డు తిరిగినట్టు తిరుగుతోంది, నేను మాత్రం కిటికీ అద్దాలకి దుమ్ము పట్టిందని చీరకొంగుతో తుడుస్తున్నాను. ఎక్కడినుంచో ఒకటే దెబ్బ వినిపిస్తోంది, దబ్, కాస్త ఆగి మళ్ళీ దబ్. మూల బల్ల మీద విల్సన్ అన్నయ్య కూర్చుని బేస్ గిటారు తీగలు బిగిస్తున్నాడు. అన్నయ్య పోయి ఇరవై రెండేళ్ళయిందని నాకు తెలుసు, కానీ ఆ మాట ఇప్పుడు ఎత్తడం మర్యాద కాదనిపించి, కాఫీ తాగుతావా అని అడుగుతున్నాను.

బతికుండగా అన్నయ్య పగలు హార్బరులో క్రేను నడిపేవాడు, సాయంత్రాలు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో వాయించేవాడు. ఓడలో వంటవాడొకడు ఇచ్చిన జమైకా రికార్డులంటే అతనికి ప్రాణం. ఇప్పుడు చూస్తే నేను తుడుస్తున్నవి అద్దాలు కావు, ఆ రికార్డులే. తుడిచిన కొద్దీ ఒక్కొక్కటీ పాడుతోంది. మొదటిది రాక్‌స్టెడీ, ఏ తొందరా లేని పాట, కింద బేసు నాలుగడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, వెనక్కి వస్తుంది. రెండోది పదేళ్ళ తర్వాత అక్కడే వచ్చిన రెగే బాణీ, పాట వేరు, పాడినవాడు వేరు, కింద నడక అదే. మూడోదాంట్లో ఎవడో ఊరికే మాట్లాడుతున్నాడు, నాలుగోదాంట్లో ఒక ఆడగొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తోంది, వాటికిందా అదే నడక. ఇల్లు ఒకటే, అద్దెకున్నవాళ్ళు మారుతున్నారు.

చప్పట్లు కొట్టమంటున్నాడు అన్నయ్య. చర్చిలో నేర్పినట్టు కొడుతున్నాను, ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపుతున్నాడు.

"దెబ్బ మీద కాదే సుగుణా. దెబ్బకీ దెబ్బకీ మధ్యన సందుంది చూడు, అక్కడ."

ఈ మాట వందసార్లు చెప్పి ఉంటాడు, నాకు ఒక్కసారీ కుదరలేదు. మళ్ళీ కొడదామని చూస్తే చేతులు ఖాళీగా లేవు, గుప్పిట్లో కేసెట్టు ఉంది. అన్నయ్య దాన్ని చూసి, పాడేవా అని అడుగుతున్నాడు.

ఆ జమైకా దీవివాళ్ళకి ఒక అలవాటుంది: రికార్డుకి ఒకవైపు పాట ఉంటే, రెండోవైపు అదే పాటని గొంతు తీసేసి ఉంచుతారు, ఎవరైనా వచ్చి తమ పాట పాడుకోవడానికి. అన్నయ్య ఆస్పత్రికి వెళ్ళేరోజు ఈ కేసెట్టు నా చేతిలో పెట్టి, రెండోవైపు నీది అన్నాడు. రెండు నిమిషాలు విన్నాను, గొంతు లేదు, ఒట్టి దబదబలే, సరిగ్గా ఎక్కలేదనుకున్నాను. చెరిగిపోకుండా అతను విరిచేసిన కేసెట్టు మూలకి, మళ్ళీ ఎక్కేలా కాగితం అంటించి మరీ, దానిమీద నాలుగేళ్ళ మా పాప షారోన్ పాట ఎక్కించాను. అన్నయ్య ఇంటికి తిరిగి రాలేదు. సమాధి అయిన రోజున వదిన చెప్పింది, రెండు రోజులు కూర్చుని నీకోసం ఏదో వాయించి ఎక్కించారు, ఒక్కసారి వినిపిస్తావా అని. కనబడటం లేదన్నాను. ఏటా జ్ఞాపకార్థ కూడికకి ముందు వదిన మళ్ళీ అడుగుతుంది, నేను మళ్ళీ అదే చెబుతాను.

"పాడలేదు అన్నయ్యా. చెరిపేశాను. ఖాళీ అనుకున్నాను."

గది తిరగడం కాస్త నెమ్మదించింది. అన్నయ్య ఇప్పుడు బల్ల మీద లేడు, ఎక్కడో పైన క్రేను గదిలో ఉన్నాడు, గొంతు మాత్రం నా పక్కనే ఉంది.

"పిల్ల ఏటి పాడింది?"

"సండే స్కూలు పాట. మధ్యలో తుమ్మింది కూడా."

"తుమ్ము దెబ్బ మీద పడిందా, సందులో పడిందా?"

నాకు నవ్వు రావడం లేదు, అతనే నవ్వుతున్నాడు, నవ్వి ఆగిపోతున్నాడు.

"ఖాళీ ఉంచిందే ఎవరో ఒకళ్ళు పాడతారని. దానికేటీ లేదు. మీ వదినకి లేదని చెప్పేవు చూడు, అదే. అది ఇంకా వెతుకుతోందే. నా గిటారు పెట్టె అడుగున గుడ్డ కూడా విప్పి చూసింది."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఉన్న మొహమే పెట్టుకుని."

క్రేను గ్రీజు మరకలున్న వేళ్ళు నా చేతిమీదకి వస్తున్నాయి, నా చూపుడువేలు పట్టుకుని, దెబ్బ పడేదాకా ఆగి, అది దాటాక బల్ల మీద ఒక్కసారి ఆనించి, మళ్ళీ ఆగి, మళ్ళీ ఆనించి, పట్టు వదిలేస్తున్నాయి.

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నం మూడు దాటింది. వంటింట్లో గ్రైండరు ఇంకా తిరుగుతోంది, రాయి చుట్టు తిరిగినప్పుడల్లా దబ్‌మంటోంది. రేపటి కూడికకి ఇడ్లీపిండి, ఇరవై నిమిషాల్లో ఆపాలని నడుం వాల్చినదాన్ని, గంటసేపు నలగనిచ్చాను. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

నా చూపుడువేలు మంచం ఇనుపపట్టీ మీద కొట్టుకుంటోంది. రాయి దబ్‌మంటుంది, ఆగుతుంది, ఆ సందులో నా వేలు పడుతుంది.

పని సాయానికి పొద్దున్నే వచ్చి పెరట్లో పిండివంటలు చేస్తున్న వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి పిండి. నా మొహం చూడటం లేదు, వేలినే చూస్తోంది.

"ఆ తాళం ఆయనది కదూ," అంది.

లేచి కూర్చున్నాను. వేలు ఆపలేదు.

"కేసెట్టు నా దగ్గరే ఉంది వదినా," అన్నాను.