జాలీ తీయించినవాడు

ఆత్మారాం మావాడని జిల్లా అంతా చెప్పుకుని తిరిగాం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో దర్జీ కొడుకు. స్టేషన్ దగ్గరి ఫోటో స్టూడియోలో ఫోటోలు కడుగుతూ కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. యాభై ఎనిమిదిలో మేము చెరుకు కూలీల సంఘం పెట్టినప్పుడు కరపత్రాలన్నీ ఆయనే రాశాడు. వాటిని గోడల మీద అంటించీ అంటించీ నాకు చదవడం వచ్చింది. తర్వాత వారపత్రికల్లో కథలు రాశాడు, ఒక పుస్తకం వేశాడు, బొంబాయి పోయాడు. తిరిగొచ్చేసరికి సర్కారుకు చిన్న సినిమాలు తీసే డైరెక్టర్ అయ్యాడు. టాకీసులో అసలు ఆటకు ముందు తప్పనిసరిగా వేస్తారే, ఆ సినిమాలు. డ్యాము మీద ఒకటి, చేనేత మీద ఒకటి, కోళ్ల పెంపకం మీద ఒకటి. బొమ్మ తీసేదీ ఆయనే, బొమ్మ వెనక గంభీరంగా వినబడే మాటలు రాసేదీ ఆయనే. ఆ మాటల్లో ఆకలిగొన్న మనిషి ఒక్కడూ ఉండడు. అయినా చప్పట్లు కొట్టాం. మావాడు కదా.

డెబ్బై ఒకటి జనవరిలో చెరుకు మీద సినిమా తీయడానికి బోధన్ వచ్చాడు. పెద్ద ఫ్యాక్టరీకి కాదు, నేను పనిచేసే కైలాస్ ఖండసారి మిల్లుకు. నాటు చక్కెర చేసే చోటు, పేరుకే మిల్లు. రేకుల షెడ్డు, రసం కాచే పొయ్యిలు, ఒక గానుగ. గానుగంటే ఎద్దులది కాదు, ఇంజను బెల్టుతో తిరిగే ఇనుప రోలర్లు. వాటి మధ్యలోకి మనిషి నిలబడి చేత్తో గడలు తోయాలి. చెయ్యి లోపలికి పోకుండా ముందు ఇనుప జాలీ బిగించి ఉంటుంది. ఆ పని భూమన్నది. ఏళ్ల తరబడి అదే చోట నిలబడ్డవాడు.

ఆత్మారాం మనుషులు తగరపు కాగితం అతికించిన పలకలు పట్టుకుని ఎండను షెడ్డులోకి తిప్పారు. ఆయన కెమెరాలో కన్ను పెట్టి చూసి మొహం చిట్లించాడు.

"జాలీ అడ్డం వస్తున్నది. గడ నలిగేదే కనబడకపోతే ఇక సినిమా ఎందుకు? తీసెయ్యండి."

"అన్నా, అది తియ్యొద్దు," అన్నాను నేను.

"కొంచెంసేపే తుకారాం. నువ్వింకా సంఘం మీటింగులనే ఉన్నవా ఏంది?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. మేస్త్రీ పానా తెచ్చి నాలుగు బోల్టులూ ఊడదీశాడు. సర్కారు సినిమా కదా, యజమాని కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్నాడు కదా, మేస్త్రీ ఎందుకు కాదంటాడు?

"భూమన్నా, నా దిక్కు చూడకు. గడలు పెట్టుకుంట నవ్వు," అన్నాడు ఆత్మారాం.

"నవ్వుడెందుకు సారూ? గడలు పెట్టేటప్పుడు నేనెన్నడన్న నవ్విన్నా?"

"ఇయ్యాల నవ్వు. మీ ఇంటిది చూస్తది టాకీసుల."

భూమన్న భార్య శంకరమ్మ సద్ది తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి భూమన్న నిజంగానే నవ్వాడు. ఆ నవ్వే తీశాడు ఆత్మారాం.

తర్వాత బయటికి చూసి, "వెలుతురు పోతున్నది, ఉరుకుండ్రి!" అని కెమెరా ఎత్తుకుని పరిగెత్తాడు. చెరుకు బండ్ల వరస వెనక సూర్యుడు దిగుతున్నాడట, అది కావాలట. మేస్త్రీ ఆయన వెంట, యజమాని ఆయన వెంట, సగం మిల్లు ఆయన వెంట. జాలీ గోడకు ఆనించి ఉంది. గానుగ ఆగలేదు. అది ఆగితే పొయ్యిల మీద బాణళ్లు ఖాళీ అవుతాయి, అందుకని ఆపరు.

భూమన్న అంగీ చెయ్యి పట్టుకుంది రోలరు. బెల్టు ఊడగొట్టేసరికి భుజం దాకా పోయింది. నిజామాబాద్ దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది. తెల్లారి చూస్తే జాలీ దాని చోట బిగించి ఉంది. "తాగి పనిలోకి వచ్చి, జాలీ మీదికి ఎక్కి పడ్డాడు" అని మిల్లు కాగితం రాసింది. ఆత్మారాం ఆ సరికే నదులు కలిసే చోటు బొమ్మ తీయడానికి కందకుర్తి పోయాడు. కబురు అక్కడ అందింది. డ్రైవరుతో "చాలా బాధపడుతున్నాను" అని చెప్పి పంపాడు. అంతే. అటునుంచి అటే హైదరాబాదు.

భూమన్న కల్లు కుండ ముట్టిన మనిషి కాదు. అయినా కాగితం మీద పడ్డ మాటకు కాళ్లొస్తాయి. అంగట్లో, నీళ్ల దగ్గర, కార్ఖానాలో బీడీలు చుట్టే చోట, శంకరమ్మను చూడగానే గొంతులు తగ్గేవి. "తాగుబోతు పెండ్లాం" అన్న మాట ఆమె చెవిన పడేటట్టే తగ్గేవి. నా దగ్గరికి వచ్చి ఆమె ఒక్కటే అడిగింది.

"తుకారాం, ఆ తాగిండన్న మాట కొట్టెయ్యాలె. ఇంకేం వద్దు నాకు."

ఎట్లా కొట్టేయాలి? లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం. మేస్త్రీ "నేను చూడలేదు" అన్నాడు. నా మాట సంఘం వాడి మాట, చెల్లదు. పెళ్లాం మాట పెళ్లాం మాట.

వానాకాలంలో ఆ సినిమా బోధన్ టాకీసుకు వచ్చింది. నేను బెంచీ మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటుంటే తెర మీద భూమన్న ప్రత్యక్షమయ్యాడు. గడలు పెడుతున్నాడు. నవ్వుతున్నాడు. ముందు జాలీ లేదు. రోలర్లు నోరు తెరుచుకుని తిరుగుతున్నాయి. వెనక నుంచి ఆత్మారాం రాసిన మాటలు: "యంత్రానికీ మనిషికీ మధ్య ఏ అడ్డుగోడలూ లేని నవయుగం ఇది."

బీడీ నా చేతిలోనే ఆరిపోయింది. వీడికి చెయ్యెట్లా వచ్చింది? మనిషి చనిపోయిన సంగతి తెలిసి, బల్ల ముందు కూర్చుని, కలం పట్టి, ఆ నవ్వుకు ఈ వాక్యం అతికించడానికి చెయ్యెట్లా వచ్చింది?

మర్నాడు శంకరమ్మను, మిల్లు మనుషులను తీసుకుపోయాను. భూమన్న కనబడగానే ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. శంకరమ్మ ఏడవలేదు. లేచి నిలబడి, వెనకవాళ్లు "కూసో అవ్వా" అని అరుస్తున్నా కూర్చోకుండా, తెర దిక్కు వేలు పెట్టి అంది.

"అగో, జాలీ లేదు. అందరు చూసిండ్రా? జాలీ లేదు!"

టాకీసు మేనేజరు ఆమెను బయటికి పంపాడు. సినిమాను మాత్రం ఆపలేకపోయాడు. సర్కారు సినిమా, ఆటకు ముందు పడాల్సిందే. యజమాని మనిషి వచ్చి బతిమాలినా "నా లైసెన్సు పోతది" అన్నాడు. ఆ వారమంతా మిల్లు కూలీలు, బండ్లవాళ్లు టాకీసుకు పోయి భూమన్నను చూసి, అసలు ఆట చూడకుండానే లేచి వచ్చారు.

లేబర్ ఆఫీసులో మళ్లీ అర్జీ పెట్టాం. విచారణ జరుపుతామన్నారు. మిల్లు ఊరుకుంటుందా? కొత్త జవాబు ఇచ్చింది. తాగిన మైకంలో, సినిమాలో బాగా కనబడాలని, భూమన్నే జాలీ పీకేసుకున్నాడట. బొమ్మలో జాలీ లేదని మాత్రమే ఉంది. ఎవరు తీయమన్నారో బొమ్మలో లేదు. ఆ మాట చెప్పగలిగిన పెద్దమనిషి ఒక్కడే.

మళ్లీ చలికాలం వచ్చింది. విచారణకు సరిగ్గా ముందురోజే ఆ పెద్దమనిషికి నిజామాబాద్‌లో సన్మానం. శాలువా, పూలదండలు, "మన జిల్లా ముద్దుబిడ్డ" అని ఉపన్యాసాలు. సభ అయిపోయాక వేదిక వెనక గదిలో పట్టుకున్నాం. శంకరమ్మను చూసి దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"ఎప్పుడూ ఆయనే గుర్తొస్తాడమ్మా," అన్నాడు. "భూమన్న మీద ఒక కథ రాస్తున్నాను. పుస్తకంలో వస్తుంది. దేశమంతా చదువుతుంది."

"కథ నేనేం చేసుకుంట సారూ? నాకు సదువు రాదు," అంది శంకరమ్మ. "రేపు ఆఫీసర్ ముంగట నిలబడి, జాలీ తీయమన్నది నేనే అని చెప్పు."

ఆయన నా దిక్కు తిరిగాడు. "తుకారాం, నీకు తెలుసు. ఢిల్లీ నుంచి పెద్ద సినిమా వస్తున్నది నాకు. ఇట్లాంటిది బయటపడితే ఇంకెవడూ కెమెరా ఇవ్వడు. నేను వేరే తీరుగా సాయం చేస్తా."

"ఏ తీరుగ? ఇంకో కరపత్రం రాస్తవా?" అన్నాను. "మనిషిని రోలర్ల ముంగట నిలబెట్టి నవ్వుమని, ఆ నవ్వుకు నవయుగమని పేరు పెట్టినవ్. థూ! నీ రాతలు చదువుకుంట అక్షరాలు నేర్సుకున్న నా కండ్లు పోను."

"నేను చంపిన్నా? గానుగ ఆపనిది యజమాని!"

"యజమాని ఎసుంటోడో మాకు మొదటినుంచి ఎరుకే. నువ్వు మావోనివని మా ఇండ్లల్ల బువ్వ తిన్నవ్."

శంకరమ్మ నన్ను ఆపింది. "తిట్టకు తుకారాం. తిట్లు తిని పోతడు, హాయిగ నిద్రపోతడు." ఆయన దిక్కు చూసి అంది. "నా మొగనికి నువ్వు చెప్పినట్టు చేసుడు తప్ప వేరే తెల్వదు. నవ్వుమంటే నవ్విండు. నిన్ను ఒక్కటి చెప్పుమంటున్న. చెప్తవా, చెప్పవా?"

ఆయన కుర్చీ మీది దండ చేతిలోకి తీసుకున్నాడు. ఎవరో వచ్చి "సార్, భోజనాలు" అని పిలిచారు. పోయాడు.

మర్నాడు విచారణకు వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. ఇస్త్రీ బట్టల్లో, గడ్డం గీసుకోకుండా. ఆఫీసరు అడిగితే పుస్తకం భాషలో మొదలుపెట్టాడు. చిత్రీకరణ అవసరాల దృష్ట్యా, సాంకేతిక కారణాల రీత్యా జాలీని తొలగించవలసి వచ్చిందన్నాడు.

"ఎవరు తొలగించమన్నారు?" అన్నాడు ఆఫీసరు.

"నేను."

"భూమన్న తాగి ఉన్నాడా?"

"లేడు. పక్కనే నిలబడ్డాను. వాసన కూడా లేదు."

మిల్లు వకీలు లేచాడు. తెలివైనవాడు, ఆయన తప్పించుకోవడానికి సందు చూపించాడు. "మీరు బాధ్యత గల వ్యక్తి కదండీ. పని కాగానే జాలీ మళ్లీ పెట్టమని అక్కడున్న కూలీలకు చెప్పే ఉంటారు. గుర్తు చేసుకోండి."

అవునంటే చాలు. తప్పు భూమన్న మీదికి పోతుంది, ఆత్మారాం ఒడ్డున పడతాడు, ఢిల్లీ సినిమా వస్తుంది. గదిలో అందరికీ అర్థమైంది. శంకరమ్మకు కూడా. ఆమె బెంచీ అంచున కూర్చుని ఆయన మొహంలోకే చూస్తోంది.

ఆత్మారాం ఆమె దిక్కు చూశాడు. ఈసారి పుస్తకం భాష రాలేదు.

"చెప్పలే," అన్నాడు. "వెలుతురు పోతున్నదని బయటికి ఉరికిన. జాలీ సంగతే యాది లేదు నాకు. మల్ల యాదికి రాలే."

గుమాస్తా రాసుకున్నాడు. మృతుడు తాగి లేడు, జాలీ అతను తీయలేదు అని ఆఫీసరు పైకి చదివి వినిపించాడు. మిల్లు మీద ఏం చర్య అంటే "పైకి పంపుతాం" అన్నాడు. పైన ఏమవుతుందో మాకు తెలుసు.

వరండాలో ఆత్మారాం కాచుకుని నిలబడ్డాడు. "శంకరమ్మా, చెప్పిన కదా," అన్నాడు.

"చెప్పినవ్," అంది ఆమె. "అప్పుడే చెప్తే ఆయనను మట్టిల పెట్టేటప్పుడు నలుగురు మనుషులొచ్చేటోళ్లు."

ఆయనను దాటుకుని మెట్లు దిగింది. ఆ తర్వాత ఆయనకు సర్కారు సినిమా రాలేదు. ఇప్పుడు పెళ్లి ఫోటోలు తీస్తున్నాడు. పాపం అనేవాళ్లున్నారు. నేను అనను. నిజం చెప్పినందుకు దండ వేయాలంటే మా భూమన్న తిరిగి రావాలి.

విచారణ అయిన ఆ రోజే, బస్టాండులో శంకరమ్మ నన్నడిగింది. "గానుగ కాడ ఇప్పుడు ఎవలు నిలబడుతుండ్రు?"

"లింబయ్య."

"జాలీ ఉన్నదా?"

చెరుకు సీజను మళ్లీ జోరు మీదుంది. నేను నాలుగు రోజులుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. తెలియదన్నాను. ఆమె ఇంటికి పోలేదు. బోధన్‌లో బస్సు దిగి తిన్నగా మిల్లుకే నడిచింది. షెడ్డులోకి పోయి చూస్తే జాలీ గోడకు ఆనించి ఉంది. దాని మీద ఎవరిదో తువ్వాల ఆరేసి ఉంది. లింబయ్య గడలు తోస్తున్నాడు.

"జాలీ ఉంటే గడ మెల్లగ పోతది వదినె. మేస్త్రీ లొల్లి చేస్తడు," అన్నాడు లింబయ్య సిగ్గుపడుతూ.

శంకరమ్మ గడలు పెట్టే బల్ల ఎక్కి కూర్చుంది. రోలర్లకు జానెడు ఎడంలో. లింబయ్య భయపడి వెనక్కి దూకాడు. ఎవరో బెల్టు ఊడగొట్టారు. పొయ్యిల దగ్గరివాళ్లు పని వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. మేస్త్రీ ఉరికొచ్చాడు.

"ఏయ్, దిగు! ఎవరు నువ్వు గానుగ ఆపనీకి?"

"ఎవలో నీకు ఎరుకలేదా?"

మేస్త్రీ చుట్టూ చూశాడు. ఒక్కడూ పనిలోకి కదలలేదు. ఇంజను ఊరికే కొట్టుకుంటోంది. చివరికి పానా తీసుకుని, కింద బూడిదలో చెరుకు పిప్పిలో బోల్టుల కోసం వెతికాడు. రెండు దొరికాయి. జాలీ ఎత్తి పెట్టి ఆ రెండూ బిగించాడు.

"అయింది కదా, ఇగ లే."

శంకరమ్మ జాలీ పట్టుకుని గుంజి చూసింది. అది ఊగింది.

"ఇంకో రెండు పట్టుకరా," అంది, కాళ్లు మడుచుకుని సరిగ్గా కూర్చుంటూ.